కరెంటు ఫ్రీయే కదా మేడం, ఇంకా పొదుపెందుకు?

ఈ వారం ఉత్తరాన్ని తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచరమ్మ రాసింది. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. నాలుగు పేజీల ఉత్తరం, ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెప్తాను.

మూడేళ్ల కింద బడి కరెంటు బిల్లు బకాయి పడితే కనెక్షన్ తీసేశారట. రెండు రోజులు మోటారు నడవలేదు, బాత్రూముల్లో నీళ్లు లేవు, ఆడపిల్లలు పొద్దంతా నీళ్లు తాగకుండా కూర్చున్నారు. అది చూసి ఈవిడ ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పన్నెండు మందితో ఎనర్జీ క్లబ్బు పెట్టారు. అట్టముక్క మీద బల్బు బొమ్మ గీసి బ్యాడ్జీలు చేసిచ్చారు. ఖాళీ గదుల్లో ఫ్యాన్లు, లైట్లు ఆపడం, ట్యాంకు నిండగానే ఆఫీసులో చెప్పడం వాళ్ల పని. బిల్లు తగ్గింది, హెడ్మాస్టరు గారు ప్రేయర్లో పిల్లల చేత చప్పట్లు కొట్టించారు.

2024 సెప్టెంబరులో ప్రభుత్వ విద్యాసంస్థలకు కరెంటు ఉచితం అని ప్రభుత్వం ప్రకటించింది. అక్కడి నుంచి గాలి మారింది. "ఇప్పుడు బిల్లు మనం కట్టేది లేదు, మీకెందుకు మేడం టెన్షన్" అని స్టాఫ్ మీటింగులో హెడ్మాస్టరు గారే అన్నారట. తోటి టీచర్లు 'కరెంటు మేడం' అని పిలవడం మొదలుపెట్టారు. పోయిన నెల తొమ్మిదో తరగతి పిల్లాడొకడు స్టాఫ్ రూములోకి వెళ్లి, ఎవరూ లేరనుకుని ఫ్యాన్ ఆపేశాడు. మూలన పేపర్లు దిద్దుకుంటున్న సోషల్ సారు లేచి, "నువ్వెవడివిరా నాకు ఫ్యాన్ ఆపడానికి" అని అందరి ముందూ బ్యాడ్జీ పీకి చింపేశారు. ఆ పిల్లాడు ఇప్పుడు క్లబ్బుకు రాడు, మొదటి బెంచీ వదిలేసి వెనక్కి వెళ్లిపోయాడు. ఇంకో అమ్మాయి ఇంట్లో నానమ్మ పడుకుని ఉండగా ఫ్యాన్ ఆపేసి దెబ్బలు తిన్నది. డిసెంబర్ 14న జాతీయ ఇంధన పొదుపు దినానికి వ్యాసరచన పెట్టి, నాలుగు పోస్టర్లు గీయించి, ఫొటోలు పంపిస్తే చాలన్నారు హెడ్మాస్టరు. చివరికి ఆవిడ అడిగినవి మూడు: క్లబ్బు మూసేయాలా? ఆ సారు మీద పైవాళ్లకు రాయాలా? "ఫ్రీయే కదా మేడం" అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? ఉత్తరం చివర్లో ఏడో తరగతి గదిలో స్విచ్ బోర్డు గోడ నుంచి ఊడి వేలాడుతోందని ఒక్క వాక్యం కూడా ఉంది.

అమ్మా, మీరు ఆఖర్న ఒక్క వాక్యంలో దాటేసిన స్విచ్ బోర్డు దగ్గరే నేను మొదలుపెడతాను. ఈ ఉత్తరం చదివిన రోజే ఆ గదికి వెళ్లి, ఆ బోర్డుకు వచ్చే సప్లై మెయిన్ దగ్గర ఆపించండి. ఎలక్ట్రీషియన్ వచ్చి బాగుచేసేదాకా ఆ గదిలో ఫ్యాన్ లేకపోయినా ఫరవాలేదు, పిల్లల్ని వరండాలోనో చెట్టు కిందో కూర్చోబెట్టండి. క్లబ్బు పిల్లలు పరిగెత్తి పరిగెత్తి స్విచ్‌లు ఆపే బడిలో ఒక బోర్డు అట్లా వేలాడుతోందంటే నాకు గుండె ఆగినంత పనైంది. మధ్యాహ్న భోజనం అయ్యాక చేతులు కడుక్కుని తడి చేతులతోనే కదా వాళ్లు గదుల్లోకి వచ్చేది.

ఇక పిల్లాడి సంగతి. ఆ సారు చేసింది తప్పు, అందులో రెండో మాట లేదు. కోపం వస్తే ఫ్యాన్ మళ్లీ వేసుకుని "బయటికి పోరా" అంటే సరిపోయేది. ఆ వయసు పిల్లాడి చొక్కా మీది బ్యాడ్జీ నలుగురిలో చింపడం అంటే ఆ నలుగురి కళ్ల ముందూ వాడిని చిన్నబుచ్చడమే. కానీ మీతో ఇంకో మాట కూడా చెప్పాలి, నొచ్చుకోకండి. పద్నాలుగేళ్ల పిల్లాడికి బ్యాడ్జీ ఇచ్చి పెద్దవాళ్లు కూర్చునే గది స్విచ్ ఆపమని పంపడం వాడిని గొడవలోకి పంపడమే. మీకు ఆ ఉద్దేశం లేదు, తెలుసు. కానీ పెద్దల తప్పు పట్టే పని పిల్లల మీద పెడితే దెబ్బ తగిలేది పిల్లలకే. నానమ్మ ఫ్యాన్ ఆపిన అమ్మాయి విషయంలోనూ జరిగింది అదే.

అందుకే ముందు మీరే ఆ పిల్లాడి దగ్గరికి వెళ్లండి. క్లాసులో లేపి మాట్లాడకండి, ఇంటర్వెల్లో పక్కకు పిలవండి. "నిన్ను ఆ గదికి పంపడం నా పొరపాటు, నువ్వు చేసింది తప్పు కాదు" అని ఆ మాటే చెప్పండి, అటూ ఇటూ తిప్పకుండా. క్లబ్బుకు రమ్మని ఆ రోజు అడగొద్దు. వాడు మళ్లీ రాకపోవచ్చు కూడా, రాకపోయినా మీరు చెప్పాల్సింది చెప్పినట్టే.

ఆ సారు మీద పైకి రాయడం మీ హక్కు, రాయొద్దని నేను అనను. రాస్తే ఏమవుతుందో మాత్రం చూసుకోండి. విచారణకు ఎవరో వస్తారు, పిల్లాడిని పిలిచి ఏం జరిగిందో చెప్పమంటారు, వాడు ఆ రోజు మళ్లీ అదంతా అనుభవించాలి. స్టాఫ్ రెండుగా చీలుతుంది. ఆయన పిల్లల మీద చెయ్యి చేసుకుంటారనో, ఇలా అవమానించడం ఆయనకు అలవాటేననో మీకు తెలిసి ఉంటే మాత్రం తప్పకుండా రాయండి, అప్పుడు స్టాఫ్ ఏమనుకుంటారో అన్న లెక్క వేసుకోవద్దు. ఇదొక్కసారే జరిగిందైతే ముందు ఆయనతో ఒంటరిగా మాట్లాడటం మేలు. ఫ్యాన్ గురించి, పొదుపు గురించి ఎత్తకండి, పిల్లాడు వెనక బెంచీకి వెళ్లిపోయాడని మాత్రం చెప్పండి. ఎంత గట్టి మనిషైనా టీచరుకు ఆ మాట తగులుతుంది. తగలకపోతే హెడ్మాస్టరు గారి ద్వారా చెప్పించే దారి ఎలాగూ ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. "ఫ్రీయే కదా మేడం" అని ఆ పిల్లలు అడిగింది పొగరుతో కాదు, న్యాయంగానే అడిగారు. ఎందుకంటే ఇన్నాళ్లూ మీ క్లబ్బు బిల్లు చుట్టూనే తిరిగింది. పుట్టిందే బిల్లు కట్టలేక. బిల్లు పోతే ఇంక క్లబ్బుతో పనేముంది అని వాళ్లకు అనిపించడం సహజం. దీనికి జవాబు మీ ఊరి పొలాల్లోనే ఉంది, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్ గురించి అడగండి పిల్లల్ని. 2018 జనవరి నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటలు ఉచిత కరెంటు ఇస్తున్నప్పుడు, మోటార్లకు ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా తిరిగి చెప్పారు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని కాలంలో రైతు పెట్టుకున్నవి అవి. కరెంటు పోకుండా ఉండేసరికి అదే స్టార్టర్ రాత్రంతా మోటారు నడిపిస్తుంది, మడి నిండి నీళ్లు పొర్లిపోతాయి, బోరు కిందికి పోతుంది. రైతు ఒక్క రూపాయి కట్టలేదు, అయినా పోయింది ఆయన బోరులో నీళ్లే. మీ క్లాసులో సగం మంది పిల్లల ఇంట్లో ఈ సంగతి మాట్లాడుకునే ఉంటారు. "ఫ్రీ అంటే ఎవరికీ ఏమీ పోదా?" అని మీరడిగితే వాళ్లే చెప్తారు.

తర్వాత ఒక లెక్క వేయించండి. మీ ఉత్తరంలో తరగతి గదుల్లో 24 ఫ్యాన్లున్నాయని రాశారు. పాత రకం సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. 24 ఫ్యాన్లు కలిపి 1800 వాట్లు. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. భోజన విరామం ముప్పావు గంట అనుకుంటే, అన్నీ ఖాళీ గదుల్లో తిరుగుతుంటే రోజుకు 1.35 యూనిట్లు. బడి 220 రోజులు నడిస్తే దాదాపు 300 యూనిట్లు. బొగ్గు కరెంటు ఒక యూనిట్ రావాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు మండాలి. అంటే ఏడాదికి రెండు క్వింటాళ్ల బొగ్గు, ఒక్క భోజన విరామానికే, ఎవరూ లేని గదుల్లో గాలి తిప్పడానికి. క్వింటాలంటే ఎంతో పత్తి ఏరే ఇంట్లో పిల్లలకు మనం చెప్పక్కర్లేదు. ఆ బొగ్గు సింగరేణి గనుల నుంచి వస్తుంది, రామగుండంలోనో పాల్వంచలోనో భూపాలపల్లిలోనో మండుతుంది. 'బిల్లు ఎంత తగ్గింది' అన్నది పోయింది కాబట్టి, 'ఎంత బొగ్గు మండింది' అని బోర్డు మీద రాసుకోవచ్చు మీరు.

ఇక్కడ నాకు నచ్చిన పని ఒకటి చెప్తాను, మీరు ఫిజిక్స్ టీచరు కాబట్టి మీకు సులువు. మీ మీటరు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లండి, ముట్టుకోకుండా చూసేంత దూరంలో. దాని ముఖం మీద సన్న అక్షరాల్లో 3200 అనో 1600 అనో ఒక అంకె ఉంటుంది, త్రీ ఫేజ్ మీటరైతే వేరే ఉండొచ్చు. ఎర్ర లైటు అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ కాలినట్టు. సాయంత్రం బడి వదిలాక అన్నీ ఆపేసి, ఒక్క ఫ్యాన్ వేయించి, ఒక పిల్లాడి చేతికి గడియారం ఇచ్చి లెక్కపెట్టమనండి. మీటరు 3200 దైతే, పాత ఫ్యాన్‌కు నిమిషానికి నాలుగుసార్లు మిణుకుతుంది. పదిహేను సెకన్లకొకసారి, అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. తర్వాత మెల్లిగా ఒక్కో గదీ వేయించండి, ఆ ఎర్ర చుక్క ఎంత తొందరపడుతుందో చూసి పిల్లలు అరుస్తారు. 24 ఫ్యాన్లకు నిమిషానికి 96. ఆ తర్వాత ఫ్యాన్ ఆపమని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక ఫ్యాన్ పాత పెట్టె రెగ్యులేటర్‌ది అయితే స్పీడు తగ్గించి చూడమనండి, మిణుకులు పెద్దగా తగ్గవు, ఎందుకంటే మిగిలింది ఆ పెట్టె వేడెక్కడానికి పోతోంది. పెట్టె మీద చెయ్యి పెట్టి చూడమని మాత్రం అనకండి.

క్లబ్బు విషయంలో మీ ముందు నాకు కనబడుతున్న దారులు మూడు. ఒకటి మూసేయడం. మూసేస్తే మీకు నిద్ర పడుతుంది, అది చిన్న విషయం కాదు, మీరు రాసిన తీరు చూస్తే బాగా అలసిపోయారని తెలుస్తోంది. కానీ ఆ పన్నెండు మంది పిల్లలకు మీ నుంచి అందే మాట ఏంటంటే, డబ్బులు మిగిలితేనే పొదుపు, లేకపోతే లేదు అని. కొన్నాళ్లు ఆపుతున్నానని చెప్పి ఆపితే ఆ మాట అందదు, కావాలంటే అలా చేయండి. రెండోది ఉన్నది ఉన్నట్టు నడపడం, బ్యాడ్జీలతో, స్విచ్‌ల వెంట తిరగడంతో. దీనికి నేను ఒప్పుకోను, ఇంకో పిల్లాడు ఇంకో గదిలో తిట్లు తింటాడు. మూడోది బ్యాడ్జీ తీసేసి చేతికి నోటు పుస్తకం ఇవ్వడం. పిల్లలు ఎవరి స్విచ్చూ ఆపరు, ఎవరినీ అడగరు. పొద్దున ఒకసారి, బడి వదిలేటప్పుడు ఒకసారి మీటరు రీడింగు రాస్తారు, ఏ గదిలో ఎన్ని వాట్ల సామాను ఉందో రాస్తారు, శనివారం ప్రేయర్లో ఆ వారం లెక్క చదువుతారు. గది పేరు చదవొద్దు, బడి మొత్తం లెక్కే. ఖాళీ గది స్విచ్ ఆపే పని ఆ గది క్లాస్ లీడరుకే ఉండనివ్వండి, స్టాఫ్ రూము సంగతి స్టాఫ్‌కే. దీనివల్ల ఫలితం నెమ్మదిగా వస్తుంది, మొదటి నెల ఏమీ తగ్గకపోవచ్చు. తగ్గలేదని కూడా నిజంగానే చదవాలి. పిల్లలకు అంకె మార్చి చెప్పామా, ఇక అంతే.

ఒక పొరపాటు మాత్రం జరగకుండా చూడండి. పిల్లలు కూర్చున్న గదిలో ఫ్యాన్ ఆపడం పొదుపు కాదు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యేనాటికి ఆ రేకుల గదుల్లో ఎంత ఉడుకు ఉంటుందో మీకు తెలుసు. అక్కడ ఫ్యాన్ తిరగాల్సిందే. కిటికీ పక్క లైట్లు పగలు ఆపొచ్చు, అందుకు ఏ స్విచ్ ఏ లైటుదో తెలియాలి కదా, మన బడుల్లో ఎవరికీ తెలియదు, ఒక్కటి ఆపబోయి నాలుగూ ఆపుతారు. నెయిల్ పాలిష్ తెచ్చి, ఎప్పుడూ ఆపకూడని వాటి పక్కన ఎర్ర చుక్క, పగలు ఆపదగ్గ వాటి పక్కన వేరే రంగు చుక్క మీరే పెట్టండి. కంప్యూటర్ గదికి, ఆఫీసుకు ఎర్ర చుక్కలు ముందు పెడితే మీ మీద సగం భయాలు పోతాయి.

హెడ్మాస్టరు గారి వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. ఇదివరకు ఆ బిల్లు స్కూల్ గ్రాంట్ నుంచే కట్టేవారు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్న రిపేర్లు అన్నీ అదే డబ్బులోంచి రావాలి. కరెంటు తీసేసిన రోజు అందరికంటే మాట పడింది ఆయనే అయ్యుంటుంది. ఉచితం అనగానే ఆయనకు ఊపిరి తిరిగింది, ఇక దాని గురించి వినాలని లేదు. కాబట్టి ఆయన దగ్గర పొదుపు అన్న మాట ఎత్తకండి. "సార్, బిల్లు డబ్బులు మిగిలాయి కదా, ఏడో తరగతి బోర్డు, ఎర్తింగు, వీలైతే మెయిన్ దగ్గర షాక్ తగిలితే సప్లై కట్ చేసే బ్రేకర్ పెట్టిద్దాం" అని అడగండి. ఉచిత కరెంటు పథకం బిల్లు చూసుకుంటుంది, లోపలి వైరింగు బడే చూసుకోవాలి. ఇది ఆయన కాదనలేని పని, పిల్లలకు ప్రాణం కాపాడే పని, మీ క్లబ్బు చేసిన వాట్ల జాబితా ఎలక్ట్రీషియన్‌కు అక్కడే పనికొస్తుంది. బోర్డు గురించి రాతపూర్వకంగా ఒక కాగితం ఇచ్చి నకలు మీ దగ్గర ఉంచుకోండి. పూర్వ విద్యార్థులెవరైనా బడికి ఫ్యాన్లు ఇస్తామని వస్తే తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు అడగండి. ధర ఎక్కువ, కానీ 30 వాట్ల దగ్గర తిరుగుతాయి, ఇన్వర్టర్ ఉంటే రెట్టింపు సేపు వస్తాయి. మీటరు దగ్గర ఆ రెండు ఫ్యాన్లు పక్కపక్కన లెక్కపెట్టిస్తే ఇంకో రోజు పాఠం.

ఇళ్ల సంగతి జాగ్రత్తగా ముట్టుకోండి. ఇళ్లకు ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి పథకం కింద తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు, 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. కాబట్టి ఎండాకాలంలో 190 దగ్గర ఉన్నామా 210 దగ్గర ఉన్నామా అన్నది ఆ ఇంట్లో అమ్మకు నిజంగా కావాల్సిన సమాచారం. వారానికోసారి ఇంటి మీటరు చూసి అమ్మకు చెప్పడం పిల్లల పనిగా పెట్టొచ్చు, దానికి ఎవరూ కొట్టరు, మెచ్చుకుంటారు. ఆ నానమ్మ ఫ్యాన్ ఆపిన అమ్మాయికి ఈ పని మొదట అప్పజెప్పండి. కానీ క్లాసులో ఇళ్ల బిల్లులు పోల్చకండి. ఒకరింట్లో రెండు ఏసీలు, ఒకరింట్లో ఒక్క ఫ్యాన్ కింద ఐదుగురు, అద్దె ఇంట్లో ఉండే పిల్లలకు మీటరే విడిగా ఉండదు. ఎవరి అంకె వాళ్ల పుస్తకంలోనే.

డిసెంబర్ 14 గురించి. పోస్టర్లు గీయించండి, ఫొటోలు పంపండి, దానికి హెడ్మాస్టరుతో గొడవ అక్కర్లేదు. దాంతోపాటు ఒక గంట అడగండి చాలు. ఆ గంటలో మీటరు లెక్క మీరు చూపించండి, కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే భాగం సోషల్ సారును అడగండి. సింగరేణి ఎక్కడ, ఇల్లెందులో తవ్వకం ఎప్పుడు మొదలైంది, గోదావరి ఒడ్డునే రామగుండం ప్లాంటు ఎందుకు కట్టారు, అవన్నీ ఆయన సబ్జెక్టే, మీకంటే ఆయనే బాగా చెప్తారు. ఒంటరిగా మాట్లాడినప్పుడు ఆయన కొంచెం మెత్తబడ్డట్టు కనిపిస్తేనే అడగండి. ఒప్పుకుంటే, ఆ పిల్లాడు వెనక బెంచీ నుంచి వింటాడు, ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య ఏం జరుగుతుందో వాళ్లకే వదిలేయండి. ఒప్పుకోకపోతే మ్యాపు మీరే గీసి చెప్పండి, ఆయన రాలేదన్న మాట పిల్లల ముందు ఎత్తకండి. బోర్డు బాగయ్యిందో లేదో మాత్రం నాకు రెండు ముక్కలు రాయండి.